రెండుసార్లు పడిన వాక్యం

గ్రంథాలయం కౌంటర్ మీద ఒకే పుస్తకానివి మూడు ముద్రణలు ఉన్నాయి. లైబ్రేరియన్ కేటలాగులో మూడో ముద్రణ ఒక్కటీ ఉంచి మిగతావి కొట్టేస్తోంది. ఎదురుగా ఒక ముసలాయన నిలబడ్డాడు.

"ఆ మొదటి ముద్రణ మాత్రం తీసెయ్యకమ్మా."

"అట్ట ఊడిపోయిందండీ. మూడోది తీసుకెళ్లండి, శుభ్రంగా ఉంది. కథ అదే కదా!"

"కథ కోసం కాదమ్మా. మొదటిదాంట్లో నలభై రెండో పేజీలో ఒక వాక్యం రెండుసార్లు పడింది."

"అందుకే కదండీ తర్వాత సరిచేశారు!"

"ఆ తప్పు మా ఆవిడది. ప్రెస్సులో అక్షరాలు కూర్చేది. నేను కాగితం కట్టలు దింపడానికి వెళ్లి, ఆమెను చూసి గుమ్మంలోనే నిలబడిపోయాను. నన్ను చూస్తూ ఆ వాక్యమే మళ్లీ కూర్చేసింది. నీవల్లే మాట పడ్డానని జన్మంతా దెప్పిపొడిచింది."

"ఇప్పుడు ఆవిడ..."

"పోయి ఆరు నెలలైంది."

"ఆ ప్రెస్సులో అచ్చయిన పుస్తకాలు ఇంకా ముప్ఫై దాకా ఉంటాయండీ మా దగ్గర, ఆవిడ కూర్చినవే అయ్యుంటాయి. తీసి చూపించనా?"

"వద్దమ్మా. వాటిలో ఒక్క తప్పూ చెయ్యలేదు. ఇంక ఆమెను ఎక్కడని వెతుక్కోను?"