మేకుకి వేలాడిన డాక్టరుగారు

"అమ్మమ్మా, మీ రోజుల్లో నర్సులకి స్టెత్ ఇచ్చేవాళ్ళా?"

ఇవ్వడమా? భలేదానివే. ముట్టుకోనిస్తేగా. మాది వత్సవాయి అవతల చిన్న ఆసుపత్రి. మీ అమ్మ అప్పటికి చంకలో పిల్ల. కాదు కాదు, నడుస్తోంది. మా డాక్టరుగారికి జగ్గయ్యపేటలో సొంత క్లినిక్కు. పొద్దున్నే బస్సులో వచ్చి, కుర్చీ వెనక మేకుకి స్టెత్ తగిలించి, మందుల బీరువా తాళం జేబులో వేసుకుని, మళ్ళీ బస్సెక్కేసేవారు. స్టెత్ ఉందంటే డాక్టరున్నట్టే లెక్క. జనం కూడా దానికి దణ్ణం పెట్టుకుని మరీ కూర్చునేవాళ్ళు. నేనెదురుగా కనపడుతున్నా, "నర్సమ్మా, డాక్టరుగారెప్పుడొస్తారు?" అనే.

ఓ ఎండాకాలం ఒక ముసలావిడ ఏడాది మనవణ్ణి ఎత్తుకొచ్చింది. విరేచనాలు. కళ్ళు లోపలికి పోయినయ్యి, ఏడుస్తున్నాడేగానీ కన్నీళ్ళు లేవు. సెలైన్ బీరువాలో ఉంది, తాళం జగ్గయ్యపేటలో ఉంది. తాళమున్నా డాక్టరు చెప్పందే నేను పెట్టకూడదు, అదొకటి. ఇంటికి పరిగెత్తా. పంచదార అప్పుడు రేషనేనే, మీ తాతయ్య కాఫీకని దాచుకున్నది. అదీ, కాస్త ఉప్పూ కాచిన నీళ్ళలో కలిపి తెచ్చా. ఆవిడ గిన్నె నెట్టేసింది. "నీళ్ళు మా ఇంట్లో లేకనా ఇంతదూరం వచ్చింది? సూదన్నా వెయ్యి, డాక్టర్నన్నా పిలువు" అంది. నచ్చజెప్పా, బతిమాలా. వినదే. పిల్లాడు తల వాల్చేస్తున్నాడు. భయం వేసింది నాకు. ఒళ్ళు మండింది కూడా. నందిగామలో పుట్టి పెరిగినదాన్ని, ఎంతకని ఊరుకుంటా?

లేచి, మేకుకున్న స్టెత్ తీసి మెళ్ళో వేసుకున్నా. పిల్లాడి గుండెమీద పెట్టి చూసా. అంతే, ముసలావిడ చేతులు కట్టుకుని "చెప్పండి డాక్టరమ్మా" అంది. అదే గిన్నె, అవే నీళ్ళు. చెంచాతో తనే పట్టింది. సాయంత్రానికి ఒంటికి పోసాడు వెధవ, నా చీర మీదే. చీర తడిసినందుకు అంత సంతోషం నేనెప్పుడూ పడలా.

తర్వాతేముంది? ఆవిడ మొగుడు బుట్టెడు మామిడిపళ్ళు తెచ్చి డాక్టరుగారి కుర్చీ ముందు పెట్టాడు. ఆయన ఎంచక్కా బస్సెక్కించుకున్నారు. నాకొచ్చింది మెమో, స్టెత్ ముట్టుకున్నందుకు. చూసావూ, బీరువాకి తాళమేసినందుకు మాత్రం ఎవరికీ రాలా.

సర్లే, నీ స్టెత్ ఏదీ, ఇటు తే. నా చేత్తో మెళ్ళో వేస్తా. ఆ, బాగుంది. చల్లగా ఉండు తల్లీ. రేపు నర్సుగా డ్యూటీలో చేరగానే మాత్రం ముందు బీరువా తాళం ఎవరి దగ్గరుందో అడుగు...