నావెక్కిన పెంకుటిల్లు

నన్నే సాహెబు మేస్త్రీ తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడంటే, సైఫుల్లా పొయ్యి మీదికి ఇంకో గిన్నెడు పాలు ఎక్కిస్తాడు. మేస్త్రీ ఒకసారి కథ మొదలుపెడితే వింటున్నవాళ్లు లేవరు, లేవనివ్వడు కూడా. సైఫుల్లా టీ కొట్టు ఏలూరులో కాలువ గట్టున, మునిసిపల్ ఆఫీసుకి కూతవేటు దూరంలో ఉంది. జిల్లా కచేరీలు ఏలూరుకి వచ్చాక ఊళ్లో ఇళ్లు కట్టేవాళ్లు ఎక్కువయ్యారు. ఆఫీసులోంచి ప్లాను కాగితాలు చంకలో పెట్టుకుని బయటికొచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లందరికీ మొదటి ఓదార్పు ఈ కొట్లోనే.

ఆ రోజు అలా వచ్చి కూలబడినవాడు తాతాజీ. కొల్లేటి లంక రైతు. కూతురు లక్ష్మీకాంతం అక్కడి బడిలో చదవాల్సిందంతా చదివేసింది. ఇక హైస్కూలంటే ఏలూరే. పిల్లని ఎవరింట్లోనో పెట్టనని భార్య శేషారత్నం పట్టుబట్టడంతో ఏలూరులో చిన్న స్థలం కొన్నాడు. ఇల్లు కట్టే పని నన్నే సాహెబుకి అప్పగించాడు. ప్లాను మాత్రం తనే దగ్గర కూర్చుని తన లంకలో ఇల్లెలా ఉంటుందో అలాగే గీయించాడు. లంకలో ఇంటి పునాది మనిషి ఛాతీ ఎత్తు ఉండాలి, లేకపోతే వరద వంటింట్లోకొచ్చి పలకరిస్తుంది. అంత ఎత్తు పునాదికి మెట్లూ అన్నే ఉంటాయి. లంకలో ఆ మెట్లు ఎంత దూరం దిగినా అడిగేవాడు లేడు. ఇక్కడ అవి వీధిలోకి దిగి మురుగుకాలవ మీద కూర్చున్నాయి. ప్లాను రెండోసారి కూడా మెట్ల మీద ఎర్రసిరా గీతతో తిరిగొచ్చింది.

స్థలం అమ్మేస్తానన్నాడు తాతాజీ. పునాది తగ్గించి, నీళ్లొచ్చిన రాత్రి పిల్లని అటక మీద కూర్చోబెట్టే ఇల్లు తనకి అక్కర్లేదన్నాడు. బడి తెరిచే రోజులు దగ్గరపడ్డాయి, పిల్ల ఇక లంకలోనే ఉండిపోతుంది, ఏం చేస్తాం అన్నాడు. లంక నుంచి ఆయన్ని పడవలో తీసుకొచ్చిన సీమోను కాలువ వైపు తిరిగి కూర్చున్నాడు. అప్పుడు నన్నే సాహెబు తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"రూలంటే బెంగపడకూడదండీ తాతాజీ గారూ. నీది ఏ ఊరని దాన్ని అడగాలి. ప్రతి రూలుకీ ఓ ఊరుంటుందండి. ఆ ఊరి ఎల్లరాయి దాటితే అది మనల్ని గుర్తుపట్టదు. మొన్నామధ్య తాడేపల్లిగూడెంలో బియ్యం వ్యాపారి ఒకాయనకి వసారా కట్టానండి. ఎంతో కాదు, చిన్న వసారా. అక్కడ పంచాయితీ కదండీ, ప్లానూ లేదు గీనూ లేదు. ప్రెసిడెంటు గారు స్వయంగా వచ్చి, వీధిలో రెండు బళ్లు ఎదురెదురుగా వస్తే తప్పుకోవాలయ్యా, మా రూలు అదొక్కటే అన్నారు. ఇంకొకడైతే టేపు పెడతాడు. నేను రెండు బళ్లు తెప్పించి, గడ్డి ఎత్తించి, ఎదురెదురుగా తోలించానండి. ఎద్దుల కొమ్ములు కూడా రాసుకోలేదు. ప్రెసిడెంటు గారు కాఫీ తాగి, కట్టుకో మేస్త్రీ అన్నారు. అక్కడ పర్మిషనంటే అంతేనండి."

ఇంతవరకూ జరిగే ఉంటుందన్నాడు సీమోను. ఇప్పుడే కదా మొదలైంది, తొందరపడకన్నాడు సైఫుల్లా.

"ఆ వసారా చూసి ముచ్చటపడి ఇంకో ఆసామి నా దగ్గరకొచ్చాడండి. ఆయన స్థలం సరిగ్గా ఏలూరు పొలిమేర మీద పడింది. ఎల్లరాయి ఇంటికి నడిమధ్యన. వంటిల్లు మునిసిపాలిటీలో, పడకగది పక్క ఊరి పంచాయితీలో. ఇటేమో పెంకు కప్పాలి, ప్లాను పెట్టాలి, కట్టే మేస్త్రీకి లైసెన్సుండాలి. అటేమో తాటాకు కప్పుకో, నీ ఇష్టం, నీ మేస్త్రీ ఇష్టం. ఆ ఆసామి మునిసిపాలిటీలో భోంచేసి పంచాయితీలో పడుకునేవాడండి. భార్య వంటింట్లోంచి కేకేస్తే పలికేవాడు కాదు, పొరుగూరి కేకలు నాకెలా వినబడతాయే అనేవాడు.

"నాకేమో అప్పటికింకా ఏలూరు లైసెన్సు రాలేదు. ఏం చేశానో తెలుసా అండీ? పంచాయితీలో నిలబడి, చెయ్యి చాపి మునిసిపాలిటీలో గోడ కట్టాను. మునిసిపాలిటీ ఓవర్సీరు గారు వచ్చారు. కాళ్లు చూశారు, అవి పొరుగూళ్లో ఉన్నాయి. చేతులు చూశారు, అవి తన ఊళ్లో ఉన్నాయి. సగం మనిషి మీద రిపోర్టు రాయడానికి నా దగ్గర సెక్షను లేదయ్యా మేస్త్రీ అని ఆయన ఆ రాయి మీదే కూర్చుండిపోయారు. గోడ దూరం జరిగేకొద్దీ చెయ్యి ఇంకా చాపాల్సొచ్చిందండి. చాపగా చాపగా ఇదిగో, కుడిచెయ్యి సాగిపోయింది. చూడండి కావాలంటే."

మేస్త్రీ రెండు చేతులూ ముందుకు చాపాడు. సీమోను పడవతాడు కొస పెట్టి కొలిచి, రెండూ సమానంగానే ఉన్నాయన్నాడు.

"ఎండకి ముడుచుకుపోతుందయ్యా, వానాకాలం వచ్చి కొలువు. ఏమంటున్నానూ, ఆ రెండు ఊళ్ల మధ్యా నలిగి నలిగి ఆసామికి విసుగెత్తింది. ఏ ఊరూ లేని చోట ఇల్లు కట్టవయ్యా అన్నాడు. ఏ ఊరూ లేనిదంటే మీ కొల్లేటి నీళ్లే కదండీ, ఊళ్లన్నీ గట్టునే ఆగిపోతాయి. అక్కడేమో గవర్నమెంటు వారు, చెరువు గర్భంలో స్థిరమైన కట్టడం కూడదు, ఎప్పుడంటే అప్పుడు కదిలేదైతే మాకు అభ్యంతరం లేదు అన్నారు. కదిలేదే కదండీ, దానికేం భాగ్యం? నాలుగు ధాన్యం నావలు పక్కపక్కన కట్టించి, వాటి మీద ఇటికెలతో మేడ లేపాను. సున్నం గానుగ కూడా నీళ్ల మీదే తిరిగిందండి. హాల్లో ఉయ్యాలబల్ల వేశాను. దాన్నెవరూ ఊపక్కర్లేదు. అలలొస్తే అదే ఊగేది. గాలాగిపోయిన రోజు ఆసామి గారి తల్లి, నా బల్ల పాడైపోయిందని నాకు కబురు పెట్టేవారు."

ఇంతసేపూ గ్లాసులోకే చూస్తున్న తాతాజీ తలెత్తాడు. "ఆ ఇంటికి మెట్లు ఎటు పెట్టారండీ?" అని అడిగాడు.

"లోపలికేనండీ. వీధిగుమ్మం గోడలోనే పెట్టి, గుమ్మం దాటాక గోడవారగా లోపల ఎక్కించాను. నావ మీద ఇంటికి బయట మెట్లు పెడితే ఏమవుతుందండీ? కొరమీను ఒక్కో మెట్టే ఎక్కి పడకగదిలోకి వచ్చేస్తుంది. పునాది ఎత్తు ఎత్తేనండి, ఒక్క ఇటిక వరస తగ్గించలేదు. మెట్లు మాత్రం ఇంటి కడుపులో ఉన్నాయి."

తాతాజీ మళ్లీ గ్లాసులోకి చూశాడు. టీ తాగలేదు. సైఫుల్లా ఆయన గ్లాసు తీసుకుని వేడి టీ పోసిచ్చాడు.

"అలా నాలుగు రోజులు సుఖంగా ఉన్నారండి. అంతలో ఆసామి కూతురికి చదువొచ్చిపడింది. హైస్కూలు ఏలూరులో, ఇల్లు కొల్లేట్లో. పిల్లని ఎవరింట్లోనో పెట్టను, ఇల్లే బడి దగ్గరికి నడవాలి అంది ఆ తల్లి. తల్లులు అలాగే అంటారండి, అనాలి కూడా. సరే, నావలు విప్పాం. మేడ మీద ఉతికి ఆరేసిన చీరలన్నిటికీ గాలి పట్టింది. ఇల్లు చెరువుకి అడ్డంపడి బయల్దేరింది. వెనక గేదె ఈదుకుంటూ వచ్చింది. దాని వెనక దూడ. వాటి వెనక, పాలెప్పుడు పోస్తారో కనుక్కుందామని వాడిక వాళ్లు దోనెల్లో వచ్చారండి.

"కాలవ లాకు దగ్గర గుమాస్తా ఆపాడు. ఇది పడవా, ఇల్లా అన్నాడు. పడవైతే మా రూలు, ఇల్లయితే మాకు సంబంధం లేదు, ఏదో ఒకటి తేల్చమన్నాడు. కింద పడవండీ, పైన ఇల్లండీ, మధ్యలో మీరు సంతకం పెట్టండీ అన్నాను. పాపం, అతను తలుపులెత్తేసి ఆ పూటకి సెలవు పెట్టి ఇంటికెళ్లిపోయాడు. లాకు దాటి ఏలూరు ఎల్లరాయి దగ్గరకొచ్చేసరికి ఇంకో చిక్కు. కొల్లేట్లో కదిలే కప్పు కావాలని తాటాకు కప్పించానండి. ఆ వీధుల్లో తాటాకు కూడదు, నిప్పు భయం. నేను ముందే అనుకుని కప్పుకి రెండు వైపులా పనిచేశానండి. ఒకవైపు తాటాకు, రెండోవైపు పెంకు. రాయి దగ్గరకి రాగానే ఇరవైమంది పట్టి అట్టు తిరగేసినట్టు తిరగేశారు. ఒక్క పెంకు జారలేదు."

సీమోను నవ్వు ఆపుకోలేక, నోట్లోని టీ కాలువలో ఊసేశాడు. మేస్త్రీ ఆ నవ్వుని పట్టించుకోలేదు. ఆయన చూపంతా తాతాజీ మీదే ఉంది.

"తర్వాతే అసలు గండం వచ్చింది. ఎదురుగా కాలవ మీద వంతెన. వంతెన పొట్టిది, ఇల్లు పొడుగుది. వంతెన ఎత్తడానికి ఒక ఆఫీసు, ఇల్లు దించడానికి ఇంకో ఆఫీసు, రెండూ కలిసే రోజే లేదు. అలా దిగాలుగా నిలబడి ఉన్నామండీ, ఆకాశం చీకటైపోయింది. మబ్బులేమో అనుకున్నాను. కాదు, గూడబాతులు. కొల్లేటినిండా ఉంటాయే, సంచి మూతులేసుకుని, అవే. ఆసామి కూతురు రోజూ గుమ్మంలో కూర్చుని చేపపిల్లలు వేసేదట, ఆ పిల్లని వదల్లేక వెనకాలే వచ్చేశాయి. ఒక్కోటి ఒక్కో దూలం పట్టుకుంది. ఇల్లు లేచిందండి. నావలు కింద ఉండిపోయాయి, ఇల్లు మాత్రం వంతెన మీదుగా పోయింది. ఉయ్యాలబల్ల మీద ముసలావిడ అలాగే కూర్చుని ఉంది. కింద ఓవర్సీరు గారు పుస్తకం పట్టుకుని పరుగెడుతున్నారు. ఏ రూలండీ పెడతారు? గాలికి ఇంకా మునిసిపాలిటీ రాలేదుగా?

"తిన్నగా తెచ్చి, బడి దగ్గర ఆసామి కొన్న స్థలంలో దింపాయండి. మురుగుకాలవకి ఇవతల, పక్కింటి గోడకి ఎడంగా, నూలు పట్టి చూస్తే వెంట్రుక తేడా లేదు. ఓవర్సీరు గారు రొప్పుతూ వచ్చి టేపు వేశారు. చుట్టూ తిరిగారు. మెట్ల కోసం వెతికారు, వీధిలో కనబడలేదు. ఇంక ఏమంటారు? అక్కడికక్కడే కూర్చుని, మొదటిసారికే, ఒక్క ఎర్రసిరా గీత లేకుండా ప్లాను పాసుచేసేశారండి."

మేస్త్రీ తలపాగా విదిలించి నెత్తిన పెట్టుకున్నాడు. సీమోను ఏదో అనబోయి తాతాజీ ముఖం చూసి ఆగాడు. తాతాజీ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత మెల్లగా, మర్యాదగా అన్నాడు.

"నావల మీద మేడ కట్టానన్నారు, నమ్మానండి సాహెబు గారూ. మా లంకలో వరదొస్తే కప్పులు విప్పి పడవలెక్కించడం మాకు అలవాటే. కప్పు తిరగేశామన్నారు, సరేనన్నాను. గూడబాతులు మోశాయన్నారు. మా కొల్లేటి పిట్టలు మంచివి, మోసే ఉంటాయి. కానీ ఏలూరులో ఇల్లు కట్టుకునేవాడి ప్లాను మొదటిసారికే, గీత పడకుండా పాసయిందన్నారు చూడండీ..."

ఆయన మాట పూర్తిచేయలేదు. కొట్టంతా గొల్లున నవ్వింది. పక్కబల్ల మీద ఎవరో పెద్దమనిషి చంకలోని తన ప్లాను తీసి చూపిస్తూ నవ్వాడు, దాని మీదా ఎర్రగీతలే. నన్నే సాహెబు చెవులదాకా ఎర్రబడ్డాడు. కాసేపు బింకంగా కూర్చుని, తనూ నవ్వేశాడు. "అదొక్కటీ కొంచెం కలిపానండి," అన్నాడు.

తాతాజీ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. పొద్దుటినుంచి ఆయన నవ్వడం అదే మొదలు. చుట్టి పెట్టుకున్న ప్లాను బల్ల మీద పరిచి, గాలికి ఎగరకుండా నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టాడు.

"మూడోసారి పెడదామండి. మెట్లు లోపలికి గీయండి. వచ్చినవాళ్లు గుమ్మం దాటాకే ఎక్కుతారు, ఎక్కనివ్వండి. మా కాంతం బడికి పోవాలి. పునాది మాత్రం ఒక్క వరస తగ్గనివ్వను."

"తగ్గించమని ఎవరన్నారండీ?" అన్నాడు నన్నే సాహెబు. ఆయన చెయ్యి మళ్లీ తలపాగా మీదికి పోయింది. "పునాది మాటొచ్చింది కాబట్టి చెబుతాను, ఉండిలో ఒకసారి తాటిచెట్టంత పునాది మీద..."

సైఫుల్లా వచ్చి ఆయన చేతిలోని టీ గ్లాసు తీసుకుని, ఆ చేతిలోనే పెన్సిలు పెట్టాడు.