తలుపు చాటు వంత

"పత్తి చేను తెల్లనాయె, పైట కొంగు నింపు చెల్లె..." మల్ల పాడు ఆజీ అంటవు. తర్వాత ఏందో ఉంటది బిడ్డా, సగమే యాదికున్నది. రాసిపెట్టుకుందునంటే నాకు అక్షరాలు మీ అమ్మ పెండ్లయినంక గద వచ్చినయి.

పాటంటే కొమురయ్య మతికొస్తుండు. రాజురా కాడ మన ఊర్ల ఎదురింటాయన, ఒగ్గు కతలు చెప్పేటాయన. కరోనల మీ తాతను చాందా దవఖానకు తోల్కపోయిండ్రు గద. నన్ను ఇల్లు కదలొద్దన్నరు. మీ అమ్మను భద్రావతి నుంచి రానియ్యలే. కొన్నొద్దులకు ఫోనొచ్చింది, తాత లేడని. మొకం సుత చూడలే నేను. నా గడప ఎవ్వలు తొక్కలే. పొయ్యి ముట్టియ్యబుద్ధి కాలే. ఎవలి కోసం వండాలె, చెప్పు.

ఒకనాడు పొద్దూకంగ కొమురయ్య ఆయన అరుగు మీద కూసొని ఒగ్గు వాయించిండు. "వదినా, కత చెప్త. ఒక్కనితోని నడ్వది. వంత పాడే మా తమ్ముడు ఆసిఫాబాద్‌ల చిక్కిండు, పోలీసులు తొవ్వ బంద్ పెట్టిండ్రు. నువ్వు నడుమ నడుమ అవ్ అను, సాలు."

ఆడోళ్ళు ఒగ్గుల వంత పాడంగ చూసినవా ఎన్నడన్న? సిగ్గాయె నాకు, పలుకలే. ఆయన కత ఎత్తుకొని, నా అవ్ కోసం గక్కడే ఆగిండు. వంత పలుకకపోతే కత జరుగది, గది పద్ధతి. అక్కడ కతల రాజేమో గుర్రం మీదికి ఒక కాలు పెట్టి ఉన్నడు. ఎంతసేపని నిలవడ్తడు పాపం? తలుపు సందులకెల్లి "అవ్" అన్న.

గట్ల రోజూ. ఒకపారి ఏడ్పు రాగం తీసిన. "రాజు సావలే వదినా, పండుకున్నడు" అన్నడు. గల్లీ అంత తలుపులెన్క నవ్వింది. నేను సుత నవ్విన, తాత పోయినంక మొదలు గప్పుడే. తెల్లారి గంజి కాసుకున్న. గొంతు లేవాలె గద.

తర్వాత ఆయనకు సుత జ్వరమొచ్చింది. తోల్కపోయిండ్రు, మల్ల రాలే. కత సగంలనే ఉన్నది. నువ్వు ఫోన్ల పెడ్తవు కతలు, మంచిగనే ఉంటయి. నేను అవ్ అన్నా అనకున్నా అది పోతనే ఉంటది బిడ్డా.

ఆయన ఉన్న ఆఖరి పొద్దు నేను మల్ల ఉపాసమే, మనసు బాగలేక. తలుపు కాడికొచ్చి కూసున్న. ఆయన మా ఇంటి కప్పు దిక్కు చూసిండు, ఒగ్గు ఒళ్ళె పెట్టుకున్నడు.

"పొగ లేస్త లేదు వదినా. తిని రా, నేను కూసుంట."