నార్మల్ వరుస

ఉప్పల్‌లోని ఒక క్యాన్సర్ ప్రయోగశాలలో, మూత్రం శాంపిళ్ల జీను పరీక్ష గీతలు పడిన, ఇంకా ఆరని ఎక్స్‌రే ఫిల్మును పరిశోధక విద్యార్థిని తన గైడు చేతికిచ్చింది.

"మూత్రాశయ క్యాన్సర్ ఉన్నవాళ్లలోనే కదా ఈ జీను మేల్కొనేది! జబ్బు లేనివాళ్ల శాంపిల్ పెట్టే నార్మల్ వరుసలో ఇంత నల్లటి గీత ఏమిటమ్మా? శాంపిళ్లు కలిపేశావా?"

"లేదు సార్. మళ్ల జేసిన. గట్లనే వచ్చింది."

"అయితే కెమికల్స్ పాడైపోయుంటాయి."

"అవి గూడ మార్చిన. పక్కన నా మూత్రం పెట్టి సూసిన సార్. నా వరుసల గీతనే లేదు."

"మరింకేం! ఆ పాత నార్మల్ పారబోసి నీదే వాడు. పేపరు పంపేద్దాం."

ఆమె కదల్లేదు.

"ఏమిటమ్మా?"

"మన ల్యాబ్‌ల నార్మల్ అంటే ఎప్పుడూ మీదే గద సార్. మొన్న గూడ మీరే ఇచ్చిన్రు."

ఫిల్ము ఆయన చేతిలోంచి జారిపోయింది. ఆమె వంగి తీసింది గానీ, ఆయన ముఖంలోకి చూడలేకపోయింది.

"సార్... మూత్రం ఎర్రగ గిట్ల వస్తుందా?"

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నాచారం మార్కెట్లో చవగ్గా ఉందని మా ఆవిడ రోజూ బీట్‌రూటే వండుతోంది. దానివల్లే అనుకున్నానమ్మా."