బెరీలియం పిండి కొట్టిన హజరత్తయ్య

శ్రీహరికోట నుంచి రాకెట్టు పోతే మైపాడు రోడ్డులో ఉన్న మా ఇంటి అరుగు మీదికి కనిపిస్తుంది. రాకెట్టు పోయిన ప్రతిసారీ మా ఆయన హజరత్తయ్య కథ మొదలవుతుంది. ఈ మధ్య టీలో చక్కెర వేశానో లేదో కూడా నాకు గుర్తుండటం లేదు. అందుకని మొన్న ఆయన చెప్పిన కథను చెప్పినట్టే రాసి పెడుతున్నాను.

ఆ సాయంత్రం అరుగు మీద పెంచల్, కామాక్షయ్య ఉన్నారు. పెంచల్‌కు రొయ్యల గుంటలు, ఒక పాత కారు ఉన్నాయి. కామాక్షయ్య పోస్టుమాస్టరుగా చేసి రిటైరయ్యాడు. గడప పక్కన పీట మీద ఎలిశబెతు కూర్చుని ఉంది. ఆమె భర్త సంజీవరావు, మా ఆయన ఒక ఊరివాళ్లే. బొంబాయి అవతల ఒకే ఫ్యాక్టరీలో ఇరవయ్యారేళ్లు చేసి, ఒకే నెలలో తిరిగి వచ్చారు. సంజీవరావుకు ఏడాదిగా ఆయాసం. నెల్లూరు డాక్టరు టీబీ అనుకుని మందులిచ్చాడు. తొమ్మిది నెలలు మింగినా తగ్గలేదు, కఫం పరీక్షలో ఏమీ కనపడలేదు. మనిషి నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకుంటున్నాడు. మర్నాడు మళ్లీ ఆస్పత్రికి పోవాలి, కారు దొరుకుతుందా అని పెంచల్‌ను అడగడానికి వచ్చింది ఎలిశబెతు. ఏడింటికి పంపిస్తానన్నాడు పెంచల్.

ఆకాశంలో పొగ గీత ఇంకా చెదరకముందే మా ఆయన అందుకున్నాడు.

"ఆ పోయేదాంట్లో బెరీలియం అని ఒక లోహం ఉంటది పెంచలూ. అల్యూమినియం కంటే తేలిక, ఉక్కు కంటే బిగువు. దాన్ని ఇనుము మాదిరి పోత పోస్తే పనికిరాదు, ముతక బెల్లం అచ్చు పగిలినట్టు పటుక్కున పగుల్తది. మరి ఎట్టా? పిండి కొట్టాల. ఆ పిండిని అచ్చులో పోసి, లోపల గాలి లేకుండా లాగేసి, వెయ్యి డిగ్రీల వేడిలో పెట్టి అణచాల. అప్పుడు గట్టి దిమ్మ వస్తది. నేను చేసింది పెద్ద గొప్పేం కాదులే, ఒక్క దిమ్మ నా చేత్తో అణిచినాను, అంతే."

"ఒక్కటేనా అన్నా," అన్నాడు పెంచల్, చాలా బాధపడినట్టు.

"ఒక్కటంటే పూటకు ఒకటి. విను. ముందు మెగ్నీషియం కలిపి కొలిమిలో కాల్చినామనుకో, బెరీలియం గులకరాళ్ల మాదిరి దిగతది. వాటిని కరిగించి, ముద్ద చేసి, లేతు మీద చెక్కి, ఆ చెక్కుల్ని మరలో పోసి పిండి చెయ్యాల. ఒకరోజు ఆ మర కాస్తా ఆగిపోయింది. బాగుచేసేవాడు జర్మనీ నుంచి రావాల, రెండు నెలలు పడతది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంజినీర్లంతా తలకాయలు పట్టుకోని కూర్చోనుంటే, నేను బుచ్చిరెడ్డిపాలెం నుంచి మా అమ్మ రోలు తెప్పించినాను, రైల్లో."

"రోలుకు టికెట్టు తీశారా," అన్నాడు కామాక్షయ్య.

"బెర్తే ఇచ్చినారు. రోలు పడుకోని వచ్చింది, దాన్ని తెచ్చినోడు నిలబడి వచ్చినాడు. ఇంక దంచినాను చూడు, మూడు పగళ్లు. ఇంజినీరు భూతద్దం పెట్టి చూసి, హజరత్తయ్యా, రేణువు రేణువూ కవలపిల్లల మాదిరి ఉండాయే, ఇంక ఆ జర్మనీవాడికి నా మొహం ఎట్టా చూపించేదని నా చేతులు పట్టుకొన్నాడు."

అక్కణ్ణుంచి కథ అణచే మిషను మీదికి పోయింది, ఆయన కూడా దాని మీదికెక్కాడు. కరెంటు పోయి మిషను పైనే నిలబడిపోతే, దాని నెత్తిన బాసిపట్టు వేసుకుని మూడు గంటలు కూర్చుని తన బరువుతోనే దిమ్మను అణిచానన్నాడు. కింద వెయ్యి డిగ్రీలు గదా, కాలలేదా అని పెంచల్ అడిగాడు. తడి గోనెపట్ట వేసుకున్నాను, నేనేమన్నా తెలివిలేనోణ్ణా అన్నాడు మా ఆయన. దిమ్మ ఎంత తేలికగా వచ్చిందంటే, ఫ్యాను వేస్తే లేచి సీలింగుకు అంటుకుందట. నిచ్చెన వేసి దించి, దారంతో బల్లకు కట్టేశారట. కామాక్షయ్యకు టీ పొలమారింది. నేనూ నవ్వాను.

నవ్వితే ఆయనకు ఇంకా ఊపు వస్తుంది.

"ఇదంతా ఎందుకు, గాలి లాగే పంపు చెడిపోయిన రోజు ఉండాది చూడు. అచ్చులో రవ్వంత గాలి మిగిలినా దిమ్మ పాడైపోతది. అందరూ పరుగులు. నేను రబ్బరు గొట్టం తెమ్మన్నాను. ఒక కొస కొలిమికి, ఒక కొస నా నోటికి. పీల్చినాను. ఊదేవాళ్లను చూసుంటారు, పీల్చేవాణ్ణి చూసినారా? ముల్లు వంద నుంచి యాభైకి, యాభై నుంచి పదికి, పది నుంచి సున్నాకు. సున్నా దాటి ఇంకా కిందికి దిగుతుంటే ఇంజినీరు నా కాళ్లు పట్టుకొన్నాడు, చాల్లే నాయనా, ఫ్యాక్టరీ గోడలు లోపలికి వస్తుండాయి అని. ఆ పిండి గాలి ఎట్టాంటిదనుకున్నారు? ఒకసారి లోపలికి పోతే ముప్పై ఏళ్ల తర్వాతైనా ఊపిరితిత్తుల్ని గట్టిపడేట్టు చేస్తది. అదంతా నా రొమ్ములోకి పోయింది. ఇదో, చూడండి, ఏమన్నా అయ్యిందా?"

రొమ్ము మీద రెండు చరుపులు చరుచుకున్నాడు.

ఎలిశబెతు తల ఎత్తింది. "ఆ పిండి ఊపిరితిత్తులకు పడుతుందా అన్నా?"

పట్టకపోతే అన్ని మాస్కులు, చేతులు మాత్రం దూర్చి పనిచేసే గాజుపెట్టెలు ఎందుకు పెడతారు తల్లీ అన్నాడు ఆయన. కొందరికి పడుతుందట, కొందరికి పట్టదట, తనకు పట్టలేదట.

"నెల్లూరు డాక్టరుకు చెప్పినావా ఈ మాట?"

ఆయన అక్కడ ఆగి ఉండవలసింది. ఆగలేదు. ఆ డాక్టరు సంగతే చెప్పబోతున్నానన్నాడు. మొదటిసారి సంజీవరావును ఆస్పత్రికి తీసుకుపోయింది మా ఆయనే. ఆ రోజు ఎలిశబెతు జ్వరంతో మంచం మీద ఉంది. నువ్వెప్పుడైనా దుమ్ములో పనిచేశావా అని డాక్టరు సంజీవరావును అడిగాడట. సంజీవరావు నోరు తెరిచి ఊపిరి కూడదీసుకుంటున్నాడట.

"వాడు చెప్పేసరికి తెల్లారిపోతదని నేనే చెప్పినా. సార్, దుమ్ములో చేసింది నేను, పౌడర్ రూముకు నేనే పెద్ద, వీడు గేటు దగ్గర నిలబడి నాకు సెల్యూటు కొట్టేవాడు అని. డాక్టరు పెన్ను కింద పెట్టేసినాడు. బయట నలభైమంది పేషంట్లు ఉంటే, అరగంట నా కథే విన్నాడు. ఆఖరికి నా రొమ్ముకే గొట్టం పెట్టి చూసి, ఇట్టాంటి ఊపిరితిత్తులు పుస్తకాల్లో గూడా లేవే అన్నాడు."

పెంచల్ నవ్వబోయి, ఎలిశబెతు మొహం చూసి ఆగిపోయాడు.

"మా ఆయన ఏమన్నాడు?" అంది ఎలిశబెతు.

"ఏమంటాడు? తల ఊపినాడు."

సంజీవరావు ఎందుకు తల ఊపాడో నాకు తెలుసు. నలుగురిలో మా ఆయన మాటను ఆయన ఏనాడూ కాదనలేదు. నేనూ కాదనలేదు. పౌడర్ రూము పెద్ద పెళ్లాన్నని ఊళ్లో పేరంటాలకు ముందు నన్ను పిలుస్తుంటే, తలవంచుకుని పోయి ముందు వరుసలో కూర్చున్నాను. ఈ అబద్ధం ఎవరికీ అడ్డం రాదులే అనుకున్నాను. అది ఏడాదిగా ఒక మనిషి రొమ్ము మీద కూర్చుని ఉంది. రేపు నాకు మతి పూర్తిగా తప్పిపోతే ఆయన చెప్పిందే నిజమైపోతుంది, ఇంకెవరూ కాదనరు. ఆ భయంతోనే నోరు తెరిచాను.

"ఏవయ్యా, ఇరవయ్యారేళ్లు ప్రతి ఆదివారం నీ ఖాకీ చొక్కా ఉతికింది నేను. పౌడర్ రూములో చేసేవాళ్ల బట్టలు ఒక్కటి గూడా ఇంటికి రానిచ్చేవాళ్లు కాదు. అక్కడే విప్పి, అక్కడే స్నానం చేసి, ఇంటి బట్టలు కట్టుకోని వచ్చేవాళ్లు. ఎలిశబెతు వాళ్ల తీగ మీద నేనేనాడూ యూనిఫాం చూడలా. క్వార్టర్స్‌లో మన తీగ మీద ఆరేది, ఆ పక్క గేటు కాపలా వాళ్ల తీగల మీద ఆరేది."

కామాక్షయ్య గ్లాసు కింద పెట్టాడు. పెంచల్ రోడ్డు వైపు చూస్తున్నాడు. మా ఆయన నా వైపు చూడలేదు. ఒకటి రెండుసార్లు లోపలికి పోయినాలే అన్నాడు. ఎవరూ ఊకొట్టలేదు. ఇన్నేళ్లలో ఆయన మాటకు ఊకొట్టేవాళ్లు లేకపోవడం అదే మొదలు. అప్పుడు అసలు మాట చెప్పాడు.

"ఆ గది తలుపు ఏ రంగో గూడా నాకు తెలీదు. షిఫ్టు దిగినాక వాడు గేటు దగ్గర టీ తాగతా, లోపల ఏం చేసినారో చెప్పేవాడు. నేను వినేవాణ్ణి."

ఎలిశబెతు తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే మాకు కొంచెం నయంగా ఉండేది. ఆమె లేచి చీర సర్దుకుంది.

"ఏడింటికి కారు. నువ్వూ రావాల అన్నా. ఈసారి నేనూ లోపలికి వస్తా."

మర్నాడు నేను కూడా పోయాను. ముగ్గురం డాక్టరు గదిలో ఇరుక్కుని నిలబడ్డాం, సంజీవరావును స్టూలు మీద కూర్చోబెట్టాం. మా ఆయన కండువా చేతిలో పట్టుకుని, పోయినసారి అబద్ధం చెప్పినాను సార్, గేటు నాది, పౌడర్ రూము వీడిది అన్నాడు. డాక్టరు కాసేపు ఆయన వంక చూశాడు. ఫైలు తెప్పించి, మొదటి పేజీలో ఒక గీత కొట్టి, స్పెల్లింగు సరిచూసుకుంటూ బెరీలియం అని రాసుకున్నాడు. ఇది టీబీ కాకపోవచ్చు, మళ్లీ మొదటి నుంచి పరీక్షలు చేయాలి, ఆలస్యమైతే అయింది అన్నాడు. తర్వాత సంజీవరావు వైపు తిరిగి, లోపల ఏం పని, ఎన్నేళ్లు చేశారు అని అడిగాడు.

"పద్నాలుగేళ్లు," అన్నాడు సంజీవరావు. ఆగాడు. "మర దగ్గర." మళ్లీ ఆగాడు. "పిండి... జల్లెడ..."

మాట మాటకూ ఊపిరి కోసం వెతుక్కుంటున్నాడు. డాక్టరు పెన్ను పట్టుకుని ఆగుతున్నాడు. ఆ మిగిలిన మాట మా ఆయనకు తెలుసు, ఎన్నో సాయంత్రాలు విన్నదే. ఆయన కింది పెదవిని పళ్లతో నొక్కిపట్టి నేల వంక చూస్తూ నిలబడ్డాడు. సంజీవరావు తన మాట తానే పూర్తి చేసేదాకా అలాగే ఉన్నాడు.