పూజలో కూర్చున్న పెట్టె

సభకు అధ్యక్షత వహిస్తున్న పెద్దమనిషి, నంద్యాల విత్తనాల వ్యాపారంలో అందరికీ తెలిసిన గురుస్వామి గారికి, మా కంపెనీ బెంగళూరు ఆఫీసు నుంచి శ్రమపడి వచ్చిన జయంత్ గారికి, ఆళ్లగడ్డ నుంచి, బేతంచెర్ల నుంచి, ప్యాపిలి నుంచి పనులు మానుకుని వచ్చిన వ్యాపారస్తులకు, నాతో కలిసి ఎండనపడి తిరిగిన సహోద్యోగులకు, ముందు వరుసలో కూర్చుని తొందరగా ముగించమని ఇప్పటికే చేత్తో సైగలు చేస్తున్న నా భార్య సుగుణమ్మకు, అందరికీ నమస్కారం. (నవ్వులు)

అధ్యక్షులవారు నా గురించి చాలా గొప్పగా మాట్లాడారు. కంప్యూటర్లంటే ఈ ఊళ్లో భయపడే రోజుల్లో నేను కొట్టు కొట్టుకూ తిరిగి కావలి పెట్టెలు అమ్మిన సంగతి చెప్పారు, నా నిజాయితీ చెప్పారు, చివరికి నా పాత స్కూటర్ని కూడా పొగిడారు. ఒక్క మాట మాత్రం చెప్పలేదు. ఆ మాట కోసమే నేను ఈ రిటైర్మెంటు సన్మానానికి ఒప్పుకున్నాను. మరిచిపోయి ఉంటారు, నేను మాట్లాడి ముగించేలోపు గుర్తుకొస్తుందిలే అని ఇంకా ఆశగా ఉంది. సరే, ముందు మర్యాదలు కానిద్దాం.

మా కంపెనీ అమ్మేవి రెండు రకాలు. బయటి దొంగలు మీ కంప్యూటర్లలోకి దూరకుండా గుమ్మంలో కాపలా కాసే పెట్టె ఒకటి. పదిమంది ఒక్కసారే బిల్లులు కొట్టినా సాఫ్ట్‌వేరు మొరాయించకుండా నడిపించేది ఇంకొకటి. ఈ రెండోదాన్ని అమ్మడం సులువు. ఆళ్లగడ్డలో బట్టల కొట్టు నడిపే కృష్ణమ్మ గారు అదిగో, అక్కడ కూర్చున్నారు, ఆమె అప్పట్లో ఒకటే అడిగారు, "నరసింహులన్నా, ఇది పెడితే బిల్లు బేగా వస్తాదా?" అని. వస్తాదన్నాను, వచ్చింది, పెళ్లిళ్ల సీజను దాటగానే సంతోషంగా మా ఇంటికి చీర పంపించారు. కావలి పెట్టె చూపించినప్పుడు మాత్రం అదే కృష్ణమ్మ గారు, "ఏమీ జరక్కుండా ఉండేదానికి దుడ్లు ఎందుకియ్యాలన్నా? ఇప్పుడూ ఏమీ జరగడం ల్యా కదా" అన్నారు. (నవ్వులు) నవ్వండి, నవ్వండి. దొంగ రానంతకాలం కావలివాడు దండగే అనిపిస్తాడు, దొంగ వచ్చిన రోజున అందరూ ఆ కావలివాడినే పట్టుకుంటారు. నా సర్వీసంతా ఈ రెండింటి మధ్యే గడిచిపోయింది.

ఈ పెట్టెల్ని మా అందరికన్నా బాగా చూసుకున్న మనిషి సౌజన్య, మా ఇంజనీరు. వెనక ఆ స్తంభం పక్కన కూర్చుంది చూడండి. లేవొద్దులే అమ్మా, కూర్చో. బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో వాళ్ల నాయన కూలికి పోయి, ఆ దుమ్మంతా మింగి చదివించిన కూతురు. రేపు నేను ఖాళీ చేసే కుర్చీలో కూర్చోవాల్సింది ఈ పిల్లే. ఇప్పుడు కుర్చీ మాట దేవుడెరుగు, అసలు ఉద్యోగమే లేదు. ఎందుకు లేదో ఇక్కడ చాలామందికి తెలుసు. తెలియనివాళ్ల కోసం చెబుతాను. జయంత్ గారూ, మీ రైలుకు ఇంకా టైముంది, మీరు కూడా వినాలి.

ఆయుధపూజ మనమంతా చేసుకునేదే. కాటాలు, సంచులు కుట్టే మిషన్లు, లారీలు అన్నింటినీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కట్టి, ఆ ఒక్క రోజు వాటికి పని చెప్పకుండా కూర్చోబెడతాం. గురుస్వామి గారి విత్తనాల కొట్టులో మా పెట్టెకు కూడా ఏటా బొట్టు పెట్టేవారు. ఎవరూ ఖాతరు చేయని పెట్టెకు బంతిపూల దండ పడిందని నేనూ మురిసిపోయేవాణ్ణి. ఏటా ఆ రోజు కొట్టు మూసేవారు కాబట్టి ఇబ్బంది ఉండేది కాదు. పోయిన దసరాలో ఆయుధపూజకు ముందురోజు మంచి వాన పడింది. శనగ విత్తనాల కోసం రైతులు తెల్లవారగానే వచ్చి కొట్టు ముందు నిలబడ్డారు. బిల్లులు కొట్టక తప్పదు. పూజలో కూర్చున్న వస్తువుకు పని చెప్పకూడదు. అందుకని ఏం చేశారంటే, మా పెట్టెను ఆపేసి, పీట మీద దేవుడి పటం ముందర కూర్చోబెట్టి, బయటి నుంచి వచ్చే ఇంటర్నెట్ వైరును నేరుగా కంప్యూటరుకు తగిలించారు. కావలివాడికి దండ వేసి పడుకోబెట్టి, తలుపులు బార్లా తెరిచినట్టయింది. భక్తిని నేను తప్పు పట్టను. కానీ దొంగలకు దసరా సెలవు లేదు కదా.

మరుసటి రోజు కొట్టులో ఒక్క కంప్యూటరూ తెరుచుకోలేదు. ఏ దేశపు దొంగలో, లోపలున్న లెక్కలన్నింటికీ ఎవరూ తెరవలేని తాళం వేసి పోయారు. ఏ రైతుకు ఏ విత్తనం ఇచ్చారో, ఇంకా ఎవరికి ఇవ్వాలో తెలియక వారం రోజులు కొట్టు ముందు గొడవలు. పెట్టెను ఎవరు తీశారని బెంగళూరు నుంచి అడిగారు. గురుస్వామి గారు చెప్పింది ఒక్కటే మాట, "ఆ పాపే ఫోన్లో తీయమనింది" అని.

పూజ రోజు గురుస్వామి గారి ఫోను వచ్చినప్పుడు నేను సౌజన్య పక్కనే ఉన్నాను. "వద్దు సార్, మీకు దండం పెడతా, దాన్ని తీయొద్దు. బొట్టు పెట్టుకోండి, పూలు పెట్టుకోండి, ఆపొద్దు" అని ఆ పిల్ల బతిమాలడం ఈ చెవులతో విన్నాను. ఆ సంగతే కంపెనీకి చెప్పాను. మీ కింద పనిచేసే మనిషి కాబట్టి మీరు అలాగే అంటారన్నారు, కొన్నవాళ్ల నోటి నుంచి రావాలన్నారు. అంతే కదా జయంత్ గారూ? తల ఊపుతున్నారు, సంతోషం. ఆ పిల్లను పనిలోంచి తీసేశారు. ఆ తర్వాత ఎక్కడ ఉద్యోగానికి వెళ్లినా వాళ్లు మా ఆఫీసుకే ఫోన్ చేసి అడుగుతారు, దొంగలకు తలుపు తీయించిన మనిషి అని ఇక్కడి నుంచి జవాబు పోతుంది. ఈ పనిలో అలాంటి పేరు పడ్డాక ఇంకెవరు దగ్గరికి రానిస్తారు?

నేను గురుస్వామి గారింటికి వెళ్లాను. కాఫీ ఇచ్చారు, మహానంది ప్రసాదం చేతిలో పెట్టారు. "వైరు మార్చింది నేనే అని కొట్టులో వాటా ఉండే తమ్ముళ్ల ముందర ఎట్ల చెప్పుకునేదప్పా, తలకాయ యాడ పెట్టుకోవల్ల?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆ పూట నాకు ఆయన మీద జాలి కూడా కలిగింది. వచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "నీ సన్మానం నాడు పదిమందిలో నేనే చెప్తాలేప్పా, మీ బెంగళూరు సారును గూడా పిలిపీ" అన్నారు. అందుకే ఆయన అధ్యక్షులు, అందుకే జయంత్ గారి ప్రయాణం, అందుకే ఈ పూలదండలూ ఈ శాలువా. లేకపోతే నంద్యాల ఎండలకు నేను శాలువా ఏం చేసుకుంటాను? (ఒకరిద్దరు నవ్వారు)

గురుస్వామన్నా, మైకు ఇదిగో. లేచి నిలబడే పని కూడా లేదు. ఆ పాప తీయమనలేదు అని ఒక్క మాట అనండి. తమ్ముళ్లు ఇక్కడ లేరు. నేనూ ఈ ఊళ్లోనే ఉంటాను, మిమ్మల్ని ఎవరైనా ఎత్తిపొడిస్తే వాళ్లకు నేను జవాబు చెబుతాను.

(మైకు చేతికి అందించారు. గురుస్వామి గారు "టైమయింది నరసింహులూ, భోజనాలు సల్లారిపోతాండాయి, జనాలు ఆకలి మీద ఉండారు" అని మైకు తిరిగి ఇచ్చేశారు.)

విన్నారు కదా.

నాకు కోపం రావాలి. రావడం లేదు. ఇన్నేళ్లు మీ అందరి గుమ్మాలకూ కాపలా పెట్టానని గొప్పలు పోయాను, నా దగ్గర పనిచేసిన పిల్ల పేరును కాపాడుకోవడం నాకు చేతకాలేదు. అమ్మా సౌజన్యా, ఇంక నేను చేయగలిగిందేమీ నాకు కనిపించడం లేదు.

దూరాల నుంచి వచ్చి, ఓపికగా విన్న మీ అందరికీ నా కృతజ్ఞతలు. భోజనాలు ఆ పక్క హాల్లో, అందరూ తిని వెళ్లండి, అధ్యక్షులవారు చెప్పినట్టు చల్లారిపోతాయి. నేను మాత్రం ఇటు మెట్ల వైపు వెళ్లాలి. సౌజన్య వాళ్ల నాయన పొద్దుటి నుంచి కిందే నిలబడి ఉన్నాడు. పైకి రమ్మంటే, "ఒళ్లంతా బండల దుమ్ము సార్, పెద్దోళ్ల సభలోకి నేను యాడొచ్చేది, గురుస్వామి శెట్టి గారు చెప్పినాక మా పాపను పిల్చుకపోతా" అన్నాడు. ఈ మైకు మాటలు కిందికి వినపడవు. ఆయనకు ఎవరో ఒకరు చెప్పాలి కదా, నేను వెళ్లి చెబుతాను. సెలవు.