తేలిన వినాయకుడు

"అమ్మమ్మా, పూజ సామాన్ల డబ్బాలో ఈ చేపల ఎర ఎందుకుంది? నాన్న మర్చిపోయి పెట్టేశాడా?"

మర్చిపోయి కాదు, నేనే పెట్టాను. అక్కడే ఉండాలి అది. ఫోన్‌లో రికార్డ్ చేస్తున్నావా? చేసుకో. కాలేజీకి వెళ్లిపోతున్నావు, అక్కడ నీకెవరు చెప్తారు ఇవన్నీ. ఆ సూట్‌కేసు కాస్త అటు జరిపి కూర్చో.

నువ్వు కడుపులో ఉన్నప్పటి సంగతి. మీ అమ్మ పురుడికని మొదటిసారి అమెరికా, ఈ బెంటన్‌విల్ వచ్చాను. వచ్చేసరికి మీ అమ్మ మంచం మీదుంది. ఏడో నెల. బిడ్డ తొందరపడి వచ్చేస్తుందేమో, కాలు కింద పెట్టొద్దు అందిట డాక్టరమ్మ. నాకు భయంతో అన్నం సహించేది కాదు. పైకి మాత్రం పప్పు వండేదాన్ని, చారు పెట్టేదాన్ని, దొండకాయలు దొరకలేదని విసుక్కునేదాన్ని.

మీ నాన్నేమో శనివారం... కాదు కాదు, ఆదివారం, శనివారాలు ఆయన మాంసం ముట్టడుగా, ఆదివారం వచ్చిందంటే గేలం పట్టుకుని ట్రౌట్ చేపలకి పోయేవాడు. డ్యామ్ కింద నది ఉంది చూడు, అక్కడికి. పెళ్లాం కడుపుతో ఉంటే మొగుడు జీవహింస చేయకూడదు, మా ఇళ్లలో పద్ధతి. కొబ్బరికాయ కూడా కొట్టడు, క్షవరం చేయించుకోడు. అల్లుడితో మొహమ్మీద అనలేను కదా, మీ అమ్మ చేత చెప్పించాను. పాపం, ఆ రోజుతో చేపలూ మానేశాడు, క్షవరమూ మానేశాడు. ఆ జుట్టేసుకుని ఆఫీస్‌కి వెళ్తే, ఒంట్లో బాగుందా అని వాళ్ల మేనేజర్ అడిగాట్ట.

ఇంతలో చవితి వచ్చింది. నీకోసం మొక్కుకున్నాను, బిడ్డ నెలలు నిండి పుట్టాలి, చవితి లోటు లేకుండా చేస్తాను స్వామీ అని. తీరా చూస్తే మట్టి లేదు. మా ఊళ్లో అయితే కుమ్మరి నాగన్న పావలాకి బొమ్మ చేసిచ్చేవాడు, మా అక్క ఆ పావలా దగ్గర కూడా బేరమాడేది. దాని చెయ్యి అలాంటిది, పోయిందిలే పాపం. ఇక్కడ పెరట్లో తవ్వితే అన్నీ రాళ్లే. మీ నాన్న ఆఫీస్‌లో ఉన్నాడు, రావడానికి సాయంత్రమవుతుంది.

బట్టలుతికే గదిలో నీకోసం స్నేహితులిచ్చిన బొమ్మల సంచీ ఉండేది. దాని పక్కన బుట్టలో బుల్లి బుల్లి సీసాలు. మూత తీస్తే పసుపుపచ్చ పిండి, మిలమిలా మెరుపులు. పక్కింటి పిల్లలు రంగురంగుల పిండితో పాములూ పళ్లాలూ చేసుకోవడం చూశాను నేను. అదే అనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు. మీ నాన్నేమో డీల్ వచ్చిందని బుట్టెడు కొని పెట్టాడు, నాకేం తెలుసు?

వాసన రాలేదా అంటావేమో. ఎలా వస్తుందే? ఈ ఊరి గడ్డి పూతకి నా ముక్కులు రెండూ దిబ్బడేసుకుపోయాయి.

ఎంత బాగా కుదిరాడో తెలుసా! అంత మెత్తటి పిండి నేనెప్పుడూ పట్టుకోలేదు. పగలదు, చేతికంటదు. అరచేతిలో పట్టేంత స్వామి. కళ్లకి మిరియాలు పెట్టాను, దంతానికి బియ్యపు గింజ. మిగిలినదాంతో ఎలుకని కూడా చేశాను.

సాయంత్రం మీ నాన్న వచ్చి పీట మీద చూశాడు. వంగి చూశాడు. నా మొహం చూశాడు. మళ్లీ స్వామిని చూశాడు. కాళ్లు కడుక్కొచ్చి కూర్చుని కథంతా చదివాడు, అక్షింతలు వేసుకున్నాడు, ఉండ్రాళ్లు తిన్నాడు. లోపల్నుంచి మీ అమ్మ, ఏంటమ్మా వెల్లుల్లి వాసన, పండగ పూట, అంది. పక్కింటివాళ్లు వండుకుంటున్నారేమో అన్నాడు. అంత దూరంలో ఉన్న పక్కిల్లు!

మూడో రోజు నిమజ్జనం. మీ నాన్నే డ్రైవ్ చేశాడు. దారంతా ఏదో చెప్పబోవడం, మానేయడం. ఆ నది ఒడ్డుకే తీసుకెళ్లాడు, ఆయనకి తెలిసిన నీళ్లు అవే. నేను మోకాలిలోతు దిగి, వెళ్లిరా స్వామీ అని వదిలాను.

మునగలేదు.

చేత్తో కిందకి తోశాను. వెళ్లాడు, పైకొచ్చాడు. ఇంకోసారి తోశాను. మళ్లీ పైకొచ్చి, నా వంకే తిరిగి, ఆ మిరియాల కళ్లతో చూస్తున్నాడు. ఎలుక కూడా తేలింది. నా ప్రాణం పోయిందనుకో. నిమజ్జనానికి దేవుడు మునగలేదంటే మొక్కు పుచ్చుకోలేదనే కదా అర్థం? ఇంటి దగ్గర మీ అమ్మ, కడుపులో నువ్వు... ఆ నీళ్లలోనే నిలబడి ఏడ్చేశాను.

మీ నాన్న బూట్లతోనే దిగొచ్చేశాడు. "అత్తయ్య గారూ, ఏడవకండి. అది తేలడానికే చేస్తారు. గేలానికి శనగగింజంత ముద్ద అద్దుతాం, బురదలో పడకుండా పైకి లేస్తుంది, చేపకి కనబడుతుంది. అది చేపల ఎరండీ" అన్నాడు. చెప్తే నేను బెంగపెట్టుకుంటానని మూడు రోజులూ నోరు నొక్కుకున్నాట్ట.

చేపల ఎరా, అన్నాను. అవునండీ, వెల్లుల్లి ఫ్లేవర్, అన్నాడు.

నేనేదో అనేలోపే నీళ్లు కదిలాయి. ట్రౌట్‌లు. ఒకటి వచ్చి చెవి కొరుక్కుపోయింది. ఇంకోటి ఎలుకని మింగేసింది. ఆ తర్వాత ఎన్నొచ్చాయో, నీళ్లు మరుగుతున్నట్టయ్యాయి. అవతలి ఒడ్డున పొద్దుట్నుంచి ఒక్క చేపా పడక కూర్చున్న తెల్లాయన లేచి నిలబడి టోపీ తీశాడు. భక్తో, కడుపుమంటో మరి. మీ నాన్న చేతిలో గేలం లేదు. చేతులు జోడించుకుని నిలబడ్డాడు, జుట్టంతా మొహమ్మీద పడి. చివరికి నీళ్లమీద రెండు మిరియాలు మిగిలాయి.

"స్వామి వెళ్లినట్టేనా అత్తయ్య గారూ?" అని అడిగాడు. అడిగి, నేనేమంటానో అని నా మొహంలోకే చూస్తున్నాడే. నాకంటే ఎక్కువ భయపడ్డాడని అప్పుడు తెలిసింది నాకు. నేను ఒక్కదాన్నే భయపడుతున్నాననుకున్నాను అన్నాళ్లూ.

"వెళ్లాడు బాబూ. ఊరికే వెళ్లలేదు, ఇంతమందికి అన్నం పెట్టి మరీ వెళ్లాడు" అన్నాను. ఇద్దరం తడిబట్టలతో కారెక్కాం.

నువ్వు నెలలు నిండి, ఇంకా పై రోజులు కూడా తీసుకుని కార్తీకంలో పుట్టావు. మీ నాన్న ముందు క్షవరానికి వెళ్లాడు, ఆ తర్వాత చేపలకి వెళ్లాడు. మానేశాడనుకున్నావా? వెళ్లాడు, నాలుగు పట్టాడు, నేనే పులుసు పెట్టాను. చవితికి మాత్రం ఆ పిండే. మట్టి దొరికినా ఆ పిండే.

ఇదిగో, ఈ సీసా నువ్వు తీసుకెళ్లు. నీ హాస్టల్ దగ్గర మట్టి దొరుకుతుందో లేదో. కళ్లకి మిరియాలు అక్కడ కొనుక్కో. ఇటు వంగు, నీ తల మీద చెయ్యి పెట్టనీ. ఎక్కడ పడేసినా తేలు తల్లీ. ఎవరెన్నిసార్లు తోసినా పైకిరా.

ఆ మూత గట్టిగా బిగించు. బట్టలకి వెల్లుల్లి కంపు పడుతుంది.